మామూలు వస్తువులా కనిపించే శిల్పాన్ని ఎలా చూడాలి

గ్యాలరీలోకి అడుగుపెట్టగానే ఒక మూల సిమెంటు బస్తా, గోడకి ఆనించిన చీపురు, నేల మీద బకెట్ కనిపిస్తే, ఇంకా సర్దడం అవలేదేమో అనుకుని వెనక్కి తిరిగేయకండి. చూడాల్సినవి అవే కావచ్చు. బస్తా చెక్కతో చేసిందై ఉండొచ్చు, బకెట్ కంచుతో పోసిందై ఉండొచ్చు. ఇలాంటి ఎగ్జిబిషన్‌కి వెళ్ళి ఐదు నిమిషాల్లో బయటికొచ్చేసి "ఏముంది అందులో" అనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అందుకే ఇదంతా రాస్తున్నా.

అలవాటు లేకపోతే ముందు సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళండి (శుక్రవారం సెలవు). మేలిముసుగు రెబెక్కా అనే పాలరాతి బొమ్మ దగ్గర అందరూ ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు పక్కకి జరగండి. ముసుగు బుగ్గకి, ముక్కుకి ఆనిన చోట రాయి నున్నగా ఉంటుంది, మడతల దగ్గర లోతుగా చెక్కి నీడ పడేలా చేశారు. ఆ నీడ వల్లే పక్కనున్నది పల్చటి గుడ్డ అని మన కన్ను నమ్మేస్తుంది గానీ అక్కడ గుడ్డా లేదు, దాని వెనక వేరే ముఖమూ లేదు, అంతా ఒకే పాలరాయి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ఈ బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. అక్కడే ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫెలిస్ అనే దయ్యం, వెనక మార్గరెటా అనే అమ్మాయి ఉన్న శిల్పం కూడా ఉంది, వెనక వైపు అద్దంలో కనిపిస్తుంది. ఏ బొమ్మనైనా చుట్టూ తిరిగి చూడాలని అది ఒక్కసారి చూస్తే చాలు, గుర్తుండిపోతుంది.

ఇక గ్యాలరీకి రండి. బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి, మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఉన్నాయి. టైమింగ్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఫోన్ చేసి వెళ్ళండి.

లోపలికెళ్ళాక లేబుల్ చదవద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. దేంతో చేశారో లేబుల్ మీద ఉంటుంది, అది ముందే తెలిసిపోతే కళ్ళకి పని ఉండదు. ముందు బరువు చూడండి. ముట్టుకోనివ్వరు కదా అంటారేమో, బరువు కంటికి కూడా తెలుస్తుంది. నిండు బస్తా అడుగున పరుచుకుంటుంది, మూతి దగ్గర వాలుతుంది. మా ఇంట్లో నిర్మల్ మామిడిపండు ఒకటుంది, పొణికి కర్రతో చేసి, చింతగింజల జిగురు కలిపిన లప్పం పూసి రంగు వేసింది. కంటికి అచ్చం పండే. చేతిలోకి తీసుకుంటే ఏమీ బరువుండదు. ఫిష్లీ, వైస్ అనే ఇద్దరు స్విట్జర్లాండ్ కళాకారులు కూడా వర్క్‌షాప్ సామాన్లన్నీ తేలికైన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురుగుతో చెక్కి రంగులేశారు. అమెరికా కళాకారుడు జాస్పర్ జాన్స్ 1960లో అందుకు పూర్తిగా తిరగేసి, రేకు బీరు డబ్బాలని కంచులో పోసి పైన లేబుళ్ళు చేత్తో వేశాడు.

తర్వాత అతుకులు, కుట్లు, అంచులు చూడండి. దొరికిపోయేది అక్కడే. ఒకసారి మా అమ్మని ఒక ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళాను. బస్తా ముందు నేను ఏదో ఆలోచిస్తూ నిలబడితే, అమ్మ పక్కనే గొంతుకూర్చుని, "ఈ పురికొస లాగితే ఊడదురా" అంది. వంగి చూస్తే నిజమే, గోనె మడతలోంచి మొదలైన చెక్క గీత ఒకటి తెగకుండా పురికొస మీదుగా అటువైపు దాకా వెళ్ళింది. వడ్ల బస్తాలు కుట్టిన చేయి కాబట్టి పట్టేసింది, నాకైతే ఇంకో గంట నిలబడినా కనిపించేది కాదు. అందుకే ఆర్ట్ తెలిసినవాళ్ళ కోసం వెతక్కండి, ఆ వస్తువు రోజూ వాడేవాళ్ళని వెంట తీసుకెళ్ళండి.

ఇప్పుడు లేబుల్ చదవండి. చదివాక ఇంత కష్టం ఎందుకు పడ్డారు, నిజం బస్తానే పెట్టొచ్చుగా అనిపిస్తే అది మంచి ప్రశ్నే, అక్కడున్నవాళ్ళని మొహమాటం లేకుండా అడగండి. చైనా కళాకారుడు ఐ వేవే 2010లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో సుమారు 10 కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. అన్నీ పింగాణీవి, 1,600 మంది పనివాళ్ళు చేత్తో రంగులేసినవి. ఒక గింజ చూస్తే ఏమీ లేదు, ఎంతమంది చేతులు పనిచేశాయో తెలిశాక రెండోసారి చూడకుండా ఉండలేం.

పిల్లల చేతులు పట్టుకోండి, భుజానికున్న బ్యాగు ముందుకి వేసుకోండి. వచ్చేముందు విజిటర్స్ పుస్తకం ఉంటే తెలుగులోనే రెండు ముక్కలు రాయండి. "బాగుంది" అని వదిలేయకుండా ఏది చూసి నిజం అనుకున్నారో, ఎక్కడ తెలిసిందో రాయండి, చేసినవాళ్ళకి పనికొచ్చేది అదే. మా అమ్మ ఆ రోజు ఇలా రాసింది: బస్తా చాలా బాగా చేశారు బాబూ, కుట్టు చివర ముడి వేస్తాం, అది మర్చిపోయారు.