యాంటీబయాటిక్ పాఠాలు – 3: మజ్జిగా, మాత్రా, మధ్యలో గడియారం

పోయిన పాఠంలో స్ట్రిప్ వెనక మందు అసలు పేరు వెతకడం నేర్చుకున్నాం కదా, ఇవాళ ఆ పేరు పట్టుకుని మాత్ర టైము వేసుకుందాం.

ఎంవీపీ కాలనీలో మా అమ్మ సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర వేడి చేస్తుందని, చలవకి పెద్ద గ్లాసు మజ్జిగతో మింగేది. విశాఖ ఉక్కపోతలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ మజ్జిగలోని కాల్షియం ఆ మందుని పట్టేసుకుంటుంది, ఆ జంట పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్ళలేదు, అంటే మింగింది 500 మిల్లీగ్రాములే అయినా జబ్బు ఉన్న చోటికి చేరేది తక్కువ. ఐరన్, జింక్ మాత్రలు, అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందులు అయితే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. అందుకే సిప్రో వీటికి 2 గంటల ముందు, లేదా 6 గంటల తర్వాత. డాక్సీసైక్లిన్‌కీ ఈ గొడవ ఉంది. అది టెట్రాసైక్లిన్ కుటుంబం. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ నుంచి వచ్చింది, అప్పుడు అక్కడ పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అమాక్సిసిలిన్‌కి ఈ పేచీ లేదు, అన్నం తిన్నా తినకపోయినా ఒకటే.

ఇక పేగులు. మందు ఎక్కువగా చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్తుంది, మన మంచి బ్యాక్టీరియా మాత్రం ఎక్కువగా పెద్దపేగులో ఉంటుంది. రక్తంలోకి వెళ్ళని మందు అక్కడికి దిగుతుంది. వెళ్ళిన సిప్రోలోనూ కొంత పేగు గోడ నుంచి, పైత్యరసంతో మళ్ళీ పేగులోకే వస్తుంది, జబ్బు చేసినదాన్నీ మనకి మేలు చేసేదాన్నీ అది వేరు చేసి చూడదు. అందుకే కొందరికి మోషన్స్ పల్చబడతాయి. నీళ్ళలా పదేపదే అవుతున్నా, జ్వరం, రక్తం కనిపించినా ఆగకండి, డాక్టర్‌కి చెప్పండి, విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోకండి. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ (పాత పేరు క్లాస్ట్రిడియం డిఫిసిల్) అనే బ్యాక్టీరియా, మంచివి పోయి ఖాళీ అయిన చోట పెరిగిపోవచ్చు, కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి కూడా.

అమ్మకి కాగితం మీద గీసిచ్చాను: ఉదయం 7కి మాత్ర, మంచినీళ్ళతో. మధ్యాహ్నం 1కి భోజనంలో మజ్జిగ. రాత్రి 7కి రెండో మాత్ర. మజ్జిగ మానలేదు, జరిగిందంతే.

మీకు లెక్క: ఇదే టైము పాటించే మనిషి సాయంత్రం ఆర్కే బీచ్‌లో మిరపకాయ బజ్జీలు తిని, 5 గంటలకి గ్యాస్ మందు తాగేశారు. 7 గంటల మాత్ర ఏమవుతుంది? రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కడినుంచే.