కెర్నెల్‌లో మెమరీ బగ్ పట్టాలంటే కాన్ఫిగ్‌లో ఏవి ఆన్ చేయాలి

లైనక్స్ కెర్నెల్ మాడ్యూల్‌లో మెమరీ తప్పు ఒకచోట జరుగుతుంది, మెషీన్ ఇంకెక్కడో పడిపోతుంది. నేను రాసిన ఒక డ్రైవర్‌లో రిమూవ్ ఫంక్షన్ టైమర్‌ని ఆపకుండానే దాన్ని పట్టుకున్న స్ట్రక్ట్‌ని ఫ్రీ చేసేసింది. కానీ ఊప్స్ (కెర్నెల్ ఇచ్చే ఎర్రర్ రిపోర్ట్) వచ్చింది మాత్రం ఫైల్ సిస్టమ్ కోడ్‌లో, దాంతో రెండు రోజులు నా తప్పేమీ లేని ఈఎక్స్‌టీ4 కోడ్ చదువుతూ కూర్చున్నాను. మూడో రోజు కాసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నెల్ టూల్) ఆన్ చేసి కెర్నెల్ బిల్డ్ చేసుకుంటే మొదటి రన్‌లోనే రిపోర్ట్ వచ్చింది, మెమరీని ఎవరు ఫ్రీ చేశారో చెప్పే భాగంలో నా రిమూవ్ ఫంక్షన్ పేరే ఉంది. ఆ రెండు రోజులు మీకు మిగలాలనే ఇది రాస్తున్నాను.

డీబగ్ ఆప్షన్లన్నీ ఒకేసారి ఆన్ చేయకండి. మెషీన్ నత్తనడక నడుస్తుంది, టైమింగ్ మారిపోయి అసలు బగ్ కనపడకుండా పోవచ్చు కూడా. మీకు కనిపిస్తున్న లక్షణం ఏంటో చూసి దానికి తగిన ఆప్షన్ పెట్టుకోండి.

ముందు కాన్ఫిగ్ ఫైల్ సంగతి, కెర్నెల్‌లో ఏ ఆప్షన్లు ఉండాలో అందులోనే ఉంటుంది. బూట్ ఫోల్డర్‌లో మీ డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటిది) ఇచ్చిన కాన్ఫిగ్ ఉంటుంది, దాన్ని సోర్స్ ఫోల్డర్‌లోకి డాట్‌కాన్ఫిగ్ పేరుతో కాపీ చేసి మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టండి. డిస్ట్రో కాన్ఫిగ్‌లో వేల మాడ్యూల్స్ ఉంటాయి, డీబగ్ ఇన్ఫో కూడా కలిస్తే బిల్డ్ ఫోల్డర్ 20 జీబీ దాటడం మామూలే. అందుకే నేను మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడతాను, అది ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్ మాత్రమే ఉంచుతుంది. కాబట్టి అది కొట్టేముందు పెన్‌డ్రైవ్, వైఫై డాంగిల్ లాంటివి పెట్టి ఉంచండి. ఉబుంటు, డెబియన్ కాన్ఫిగ్ తీసుకుంటే సర్టిఫికెట్ ఫైల్ దొరకలేదని బిల్డ్ మధ్యలో ఆగిపోతుంది. సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ అనే రెండు ఆప్షన్ల విలువని ఖాళీ చేస్తే సరిపోతుంది. లోకల్ వెర్షన్ దగ్గర డీబగ్ అనో కాసాన్ అనో ఒక తోక తగిలించండి, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో మీ మామూలు కెర్నెల్ పక్కన ఇది విడిగా కనిపిస్తుంది.

ఇప్పుడు మేక్ మెనూకాన్ఫిగ్. మనకి కావాల్సినవి చాలావరకు కెర్నెల్ హ్యాకింగ్ మెనూ కింద ఉంటాయి, దొరక్కపోతే స్లాష్ కీ నొక్కి పేరుతో వెతకండి. ఏ బగ్ అయినా ముందు డీబగ్ ఇన్ఫో ఆన్ చేయండి. కంపైల్-టైమ్ చెక్స్ మెనూలో ఉంటుంది, 5.18 నుంచి ఇది ఆన్, ఆఫ్ కాకుండా నాలుగైదు ఎంపికల మెనూగా మారింది, టూల్‌చెయిన్ డిఫాల్ట్ ఎంచుకుంటే చాలు. ఇది లేకపోతే రిపోర్ట్‌లో ఫంక్షన్ పేరు వరకే తెలుస్తుంది, ఏ ఫైల్‌లో ఎన్నో లైనో తెలియదు.

మెమరీ పాడవుతోంది, ఊప్స్ రోజుకో చోట వస్తోంది అంటే కాసాన్. ఇది 2015లో లైనక్స్ 4.0తో వచ్చింది. పనిచేసే తీరు తెలిస్తే రిపోర్ట్ చదవడం తేలిక, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ప్రతి 8 బైట్ల మెమరీకి 1 బైట్ షాడో పెట్టుకుంటుంది, ఆ మెమరీని వాడొచ్చో లేదో అందులో గుర్తుంచుకుంటుంది. అంటే 8 జీబీ ర్యామ్‌లో 1 జీబీ బూట్‌లోనే పోతుంది, వేగం దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో నడిపితే దానికి 4 జీబీ అయినా ఇవ్వండి. షాడో బైట్ 00 అయితే ఆ 8 బైట్లూ వాడుకోవచ్చు, 05 అయితే మొదటి 5 మాత్రమే. మీరు 13 బైట్లు కేమాలాక్ (కెర్నెల్‌లో మెమరీ తీసుకునే ఫంక్షన్) చేస్తే షాడోలో 00, 05, ఆ వెంటనే ఎఫ్‌సీ కనిపిస్తాయి. ఎఫ్‌సీ అంటే రెడ్‌జోన్, అక్కడ చెయ్యి పెట్టారంటే హద్దు దాటినట్టు. ఎఫ్‌బీ కనిపిస్తే అప్పటికే ఫ్రీ అయిన మెమరీని ముట్టుకున్నారని. రిపోర్ట్ కింద ఆ బైట్ల వరుసలు వస్తాయి, తప్పు జరిగిన బైట్ కిందే బాణం గుర్తు ఉంటుంది. నేను మాత్రం ముందు ఎవరు అలొకేట్ చేశారు, ఎవరు ఫ్రీ చేశారు అనే రెండు స్టాక్‌లే చూస్తాను, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎక్స్86లో జెనరిక్ మోడ్ ఎంచుకోండి. చెక్ చేసే కోడ్‌ని పెట్టే తీరులో ఇన్‌లైన్, అవుట్‌లైన్ అని రెండు ఉంటాయి, ఇన్‌లైన్ పెడితే కెర్నెల్ ఇమేజ్ లావవుతుంది కానీ వేగంగా నడుస్తుంది. వీమాలాక్ (మెమరీ తీసుకునే ఇంకో ఫంక్షన్) సపోర్ట్ కూడా టిక్ చేయండి. ఇంకొకటి, కాసాన్ మామూలుగా మొదటి తప్పు మాత్రమే చూపించి ఊరుకుంటుంది. తర్వాతవి కూడా కావాలంటే బూట్ లైన్‌లో (బూట్ అప్పుడు కెర్నెల్‌కి ఇచ్చే పారామీటర్ల వరుసలో) కాసాన్ మల్టీ షాట్ పారామీటర్ ఇవ్వాలి. ఇది తెలియకపోతే బగ్ ఒక్కటే ఉందనుకుంటాం.

ర్యామ్ మెల్లగా తరిగిపోతూ ఉంటే కాసాన్ పనికిరాదు, దానికి మెమరీ లీక్‌లు వెతికే కేమెమ్‌లీక్ కావాలి. కెర్నెల్ డీబగ్ ఫైళ్లు కనిపించే డీబగ్‌ఎఫ్ఎస్‌లో కేమెమ్‌లీక్ అనే ఫైల్ వస్తుంది. అందులోకి క్లియర్ అని రాసి, మీ టెస్ట్ నడిపి, తర్వాత స్కాన్ అని రాయండి, కొన్ని సెకన్లు ఆగి ఇంకోసారి స్కాన్ చేసి అప్పుడు చదవండి. 5 సెకన్లైనా వయసు లేని బ్లాక్‌ని అది లీక్‌గా చూపించదు, అందుకే ఆ రెండో స్కాన్. వదిలేస్తే తనే 10 నిమిషాలకోసారి స్కాన్ చేస్తుంది. డిఫాల్ట్ ఆఫ్ అనే ఆప్షన్ టిక్ అయి ఉంటే బూట్ లైన్‌లో కేమెమ్‌లీక్ ఆన్ అని ఇవ్వాలి, లేకపోతే అది పనిచేయదు. బూట్ సమయంలో తన లెక్కలు పెట్టుకునే మెమరీ పూల్ చాల్లేదని అదే ఆగిపోతే, 16000గా ఉండే పూల్ సైజ్‌ని పెంచండి.

కేమెమ్‌లీక్ పట్టలేనివీ ఉన్నాయి. దానికి తెలిసిన మెమరీలో ఎక్కడా పాయింటర్ దొరకని బ్లాక్‌నే అది లీక్ అంటుంది. మీ లిస్ట్‌లో పాత ఎంట్రీలు తీసేయడం మర్చిపోతే పాయింటర్ ఇంకా ఉన్నట్టే కదా, అందుకని ఏమీ చెప్పదు. అలాంటప్పుడు స్లాబ్‌టాప్ కమాండ్‌లో ఏ క్యాష్ (ఒకే రకం మెమరీ బ్లాకుల నిల్వ) పెరుగుతోందో చూడండి. నేరుగా పేజీలు అలొకేట్ చేసే కోడ్‌ని కూడా అది గమనించదు, దానికి పేజ్ ఓనర్ ఆప్షన్ ఉంది, అది కూడా బూట్ లైన్‌లో ఆన్ చేస్తేనే పనిచేస్తుంది.

కెర్నెల్ మళ్లీ బిల్డ్ చేసే వీలు లేకపోతే స్లబ్ (కెర్నెల్ మెమరీ అలొకేటర్) డీబగ్ చూడండి. చాలా డిస్ట్రో కెర్నెల్స్‌లో ఇది ముందే బిల్డ్ అయి ఉంటుంది. బూట్ లైన్‌లో స్లబ్ అండర్‌స్కోర్ డీబగ్ పారామీటర్‌కి ఎఫ్, జెడ్, పీ, యూ అక్షరాలు ఇవ్వండి, కామా పెట్టి క్యాష్ పేరు కూడా ఇస్తే ఆ ఒక్కదానికే వర్తిస్తుంది. ఫ్రీ అయిన మెమరీని ఇది 6బి బైట్లతో నింపుతుంది, కాబట్టి ఊప్స్ రిజిస్టర్లలో 6బి6బి6బి6బి కనిపించిందంటే ఫ్రీ అయ్యాక వాడిన మెమరీ అని దాదాపు ఖాయం. ప్రొడక్షన్ సర్వర్‌కి మాత్రం 5.12లో వచ్చిన కేఫెన్స్ పెట్టండి, డిఫాల్ట్‌గా 2 ఎంబీ మెమరీతో సరిపెట్టుకుని 100 మిల్లీసెకన్లకి ఒక అలొకేషన్‌ని పరీక్షిస్తుంది. ఒక్క మెషీన్‌లో బగ్ దొరకడానికి టైమ్ పడుతుంది కానీ పది మెషీన్లలో రోజుల తరబడి నడిస్తే దొరికే అవకాశం పెరుగుతుంది.

బిల్డ్ కొట్టేముందు డాట్‌కాన్ఫిగ్‌లో కాసాన్ అని గ్రెప్ చేసి తీరాలి. ఒక ఆప్షన్‌కి కావాల్సిన ఇంకో ఆప్షన్ లేకపోతే ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ ఏ హెచ్చరికా లేకుండా దాన్ని తీసేస్తుంది. డేటా రేస్‌లు పట్టే కేసీసాన్, విలువ పెట్టని మెమరీ వాడకం పట్టే కేఎంసాన్ కూడా ఉంటే బాగుంటుందని చూసేవాళ్లు ఉంటారు, అవి కాసాన్‌తో కలిసి ఉండవు, వేరే కెర్నెల్ బిల్డ్ చేసుకోవాల్సిందే.

మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్ విలువ 1 ఇవ్వండి. ఇవ్వకపోతే డీబగ్ ఇన్ఫో మొత్తం బూట్‌లో మొదట లోడ్ అయ్యే ఇనిట్‌ఆర్‌డీలోకి వెళ్లి బూట్ పార్టిషన్ నిండిపోతుంది. స్ట్రిప్ చేసినా నష్టం లేదు, బిల్డ్ ఫోల్డర్‌లో అసలు ఫైళ్లు అలాగే ఉంటాయి. రిపోర్ట్ రాగానే డీమెసేజ్ (కెర్నెల్ లాగ్) మొత్తం ఒక ఫైల్‌లో సేవ్ చేసి, స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని డీకోడ్ స్టాక్‌ట్రేస్‌కి అదే బిల్డ్ తాలూకు వీఎంలైనక్స్‌తో (బిల్డ్‌లో వచ్చే అసలు కెర్నెల్ ఫైల్‌తో) కలిపి ఇవ్వండి, ప్రతి అడ్రస్ పక్కన ఫైల్ పేరు, లైన్ నంబర్ వచ్చేస్తాయి. ఈలోగా కెర్నెల్ మళ్లీ బిల్డ్ చేస్తే ఆ నంబర్లు తప్పు చూపిస్తాయి, అందుకే టెస్ట్‌కి ముందే వీఎంలైనక్స్‌ని, మాడ్యూల్ ఫైళ్లని పక్కన కాపీ చేసి పెట్టుకోండి.