పురపాలక సమావేశంలో పౌరుడి మాట వినపడాలంటే

మంచినీటి సరఫరా, మురుగు కాలువలు, వీధి దీపాలు, పార్కులు, శ్మశానవాటికలు, జనన మరణాల నమోదు వంటి పట్టణవాసి నిత్యావసరాలలో చాలా భాగం పురపాలక సంఘం బాధ్యతలే. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఇటువంటి 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో పేర్కొని, వాటిని పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. వాటిపై తీర్మానాలు జరిగే చోటు కౌన్సిల్ సమావేశం. అయినప్పటికీ అసెంబ్లీ చర్చలను శ్రద్ధగా చూసేవారిలో సైతం చాలామందికి తమ ఊరి కౌన్సిల్ ఎప్పుడు కూర్చుంటుందో, గత నెలలో ఏమి తీర్మానించిందో తెలియదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలలో నివసించే సామాన్య పౌరుడు ఆ సమావేశాలను ఎలా తెలుసుకోవాలో, తన సమస్యను వాటి ముందుకు ఎలా తీసుకువెళ్లాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. గ్రామసభలో ఓటరుగా పేరున్న ప్రతి వ్యక్తీ సభ్యుడే కనుక లేచి నిలబడి మాట్లాడవచ్చు. పురపాలక కౌన్సిల్ అటువంటిది కాదు. అక్కడ ఎన్నికైన సభ్యులు, చట్టప్రకారం హోదా రీత్యా సభ్యులైనవారు, కౌన్సిల్ తానే ఎంచుకుని చేర్చుకున్న కో-ఆప్షన్ సభ్యులు మాట్లాడతారు, అధికారులు వివరణ ఇస్తారు. పౌరుడికి అక్కడ నేరుగా మాట్లాడే హక్కు ఉండదు. అందువల్ల మన మాట సభలో వినపడాలంటే అది ఎజెండా రూపంలోనో, మన వార్డు సభ్యుడి నోటి ద్వారానో లోపలికి వెళ్లాలి. సమావేశం జరిగే రెండు మూడు గంటలకన్నా దానికి ముందు వారంలో మనం చేసే పని, తర్వాత నెలలో మనం పట్టుకునే కాగితాలు ఎక్కువ ఫలితమిస్తాయని నా గట్టి నమ్మకం.

ఎజెండాతో మొదలుపెట్టండి

కౌన్సిల్ సాధారణ సమావేశం మామూలుగా నెలకు ఒకసారి జరుగుతుంది. అవసరాన్ని బట్టి అత్యవసర సమావేశాలు కూడా పెడతారు. సమావేశానికి కొద్ది రోజుల ముందు సభ్యులందరికీ నోటీసుతో పాటు ఎజెండా ప్రతులు అందుతాయి. తేదీ తెలుసుకోవడానికి పురపాలక కార్యాలయంలోని నోటీసు బోర్డు చూడవచ్చు, లేదా మీ కౌన్సిలర్‌ను అడగవచ్చు. ఎజెండా ప్రతిని కూడా అడిగి తీసుకోండి. అది రహస్య పత్రం కాదు, అడిగితే చాలామంది సభ్యులు ఫోటో తీసుకోనిస్తారు.

ఎజెండాలోని భాష మొదట్లో కొరుకుడు పడదు. ఒక అంశం దాదాపు ఇలా ఉంటుంది: 'ఫలానా వార్డులో ఫలానా వీధి నుండి ఫలానా వీధి వరకు సీసీ డ్రెయిన్ నిర్మాణమునకు తయారు చేసిన అంచనాను సాధారణ నిధుల నుండి మంజూరు చేయు విషయము కౌన్సిల్ వారి ఆమోదము కొరకు.' ఇందులో చూడవలసినవి నాలుగు: పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అంచనా ఎంత, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది, చివరి మాట ఏమిటి. ఆ చివరి మాట చాలా ముఖ్యం. 'ఆమోదము కొరకు' అని ఉంటే నిర్ణయం ఇంకా జరగలేదని అర్థం. అభ్యంతరం చెప్పడానికి, మార్పు కోరడానికి సమయం మిగిలి ఉంది. 'ర్యాటిఫికేషన్ కొరకు' అని ఉంటే ముందస్తు అనుమతితో ఆ పని ఇప్పటికే మొదలైందనో, పూర్తయిందనో అర్థం. ఇప్పుడు జరిగేది దానికి కౌన్సిల్ ముద్ర వేయడం మాత్రమే. అటువంటి అంశాలు ఒకే ఎజెండాలో పదేపదే కనిపిస్తున్నాయంటే, ప్రతి పనికీ అంత అత్యవసరం ఎందుకు వచ్చిందని మీ సభ్యుడి చేత అడిగించండి. సమావేశం రోజున అప్పటికప్పుడు చేర్చే అంశాలను 'టేబుల్ ఎజెండా' అంటారు. వాటిని సభ్యులు కూడా చదివే వ్యవధి ఉండదు కనుక, వివాదాస్పదమైన విషయం ఆ దారిన వస్తుందన్న అనుమానం ఉంటే ముందే సభ్యుడిని హెచ్చరించడం మంచిది.

నగరపాలక సంస్థలలో నివసించేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ ఖర్చుకు సంబంధించిన అనేక అంశాలు స్థాయీ సంఘం, అంటే కొందరు సభ్యులతో ఏర్పడే స్టాండింగ్ కమిటీ, ముందుకు వెళతాయి. కౌన్సిల్ ఎజెండాను మాత్రమే చూస్తే అవి మన కంట పడకపోవచ్చు.

సభ్యుడి చేతికి ఏమి ఇవ్వాలి

మౌఖికంగా చెప్పిన సమస్య ఎంత న్యాయమైనదైనా సభ వరకు చేరడం కష్టం. కౌన్సిలర్ దగ్గరకు రోజూ పదిమంది వస్తారు. ఎవరు ఏమి చెప్పారో గుర్తుండదు. ఒక్క పేజీకి మించని అర్జీ రాసి, మూడు ప్రతులు తీసి, ఒకటి సభ్యుడికి, ఒకటి కమిషనర్ కార్యాలయంలోని ఇన్‌వార్డ్ విభాగానికి ఇచ్చి, మూడో దానిపై తేదీతో సహా ముద్ర, నంబరు వేయించుకుని దగ్గర పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయంలోనూ అర్జీ ఇవ్వవచ్చు. పని స్వభావాన్ని బట్టి అక్కడి సౌకర్యాల కార్యదర్శి, పారిశుధ్య కార్యదర్శి, ప్రణాళికా కార్యదర్శి వంటివారు దానిని చూస్తారు. ఎక్కడ ఇచ్చినా రశీదు లేకుండా ఇంటికి రావద్దు.

అర్జీలో ఏమి రాయాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. 'మా వీధి మురుగు కాలువ బాగు చేయించగలరు' అని రాస్తే 'పరిశీలిస్తాము' అన్న ఒక్క మాటతో దానికి సమాధానం చెప్పవచ్చు. అదే విషయాన్ని ఇలా రాయండి: 'మా వీధిలో పాఠశాల మూల నుండి ప్రధాన కాలువ వరకు ఉన్న మురుగు కాలువకు చివరి మూడు ఇళ్ల ముందు వాలు ఎదురుగా ఉన్నందున నీరు వెనక్కు మళ్లి నిలిచిపోతున్నది. పూడిక తీసిన వారానికే తిరిగి నిండుతున్నది. ఇంజినీరింగ్ విభాగం వారు ఈ భాగంలో లెవెల్స్ తీసి, అంచనా తయారు చేసి, వచ్చే సాధారణ సమావేశపు ఎజెండాలో చేర్చవలసినదిగా కోరుతున్నాము.' ఇక్కడ స్థలం ఉంది, కారణం ఉంది, ఎవరు ఏమి చేయాలో ఉంది, ఎప్పటిలోగా అన్నదీ ఉంది. కౌన్సిలర్ దీనిని చేతిలో పట్టుకుని యథాతథంగా సభలో చదవగలరు. కింద ఆ వీధివారి సంతకాలు, ఇంటి నంబర్లు ఉంటే మరీ మంచిది.

స్థానిక సంస్థలలో మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు మహిళలకు కేటాయించాలని రాజ్యాంగమే చెబుతున్నది. అయితే సభ్యురాలికి ఇవ్వవలసిన అర్జీని ఆమె భర్తకో, కుమారుడికో ఇచ్చి రావడం మన దగ్గర ఇంకా పోలేదు. ఇది మర్యాద తప్పడమే గాక పనిని చెడగొట్టే అలవాటు కూడా. సభలో కూర్చుని ప్రశ్న అడగగలిగేది ఆమె ఒక్కరే. 'అమ్మా, ఈ విషయం రేపటి సమావేశంలో మీరే అడగాలి' అని ఆమెతోనే మాట్లాడి, విషయం వివరంగా చెప్పి రండి. వీలైతే ఆమెను ఆ చోటికి ఒకసారి తీసుకువెళ్లి చూపించండి. స్వయంగా చూసి వచ్చిన సభ్యురాలిని అధికారుల వివరణతో సరిపెట్టడం కష్టం.

మీ వార్డు సభ్యుడు పట్టించుకోని పక్షంలో అదే సమస్య ఉన్న పక్క వార్డు సభ్యుడిని కలవండి. పాలక పక్షమా ప్రతిపక్షమా అన్నది చూడవద్దు. అయితే ఒక సమస్యను పూర్తిగా ఒక పక్షం చేతికే అప్పగిస్తే అది వాదులాటగా మారి అసలు పని వెనకబడే ప్రమాదం ఉంది. ఇరువైపులా ఒక్కొక్కరికైనా అర్జీ ప్రతి ఇవ్వడం వివేకం.

సమావేశం రోజు

సమావేశాన్ని స్వయంగా చూడాలనుకునేవారు సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి)ని గుర్తుపెట్టుకోవాలి. దాని ఎనిమిదో అంశం ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన కౌన్సిళ్లు, కమిటీల వివరాలతో పాటు, వాటి సమావేశాలకు ప్రజలకు ప్రవేశం ఉన్నదా, వాటి మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని రాతపూర్వక నమోదు, ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్న సంగతిని ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. కార్యాలయంలో ఆ ప్రకటన చూపమని అడగండి. ప్రవేశం ఉంటే సందర్శకుల స్థానంలో మౌనంగా కూర్చుని, అంశం నంబరు, ఎవరు ఏమన్నారు, ఆమోదమా, వాయిదానా అన్నది రాసుకోండి. మధ్యలో లేచి అరిస్తే బయటకు పంపుతారు, మీ సమస్య పక్కకు పోతుంది. ప్రవేశం లేదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని కోరండి.

తీర్మానం తర్వాత

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సభలో 'ఆమోదించడమైనది' అన్న మాటకూ వీధిలో పారకూ మధ్య ఎంతో దూరం ఉంది: అనుమతి, టెండరు, ఒప్పందం, పని ఉత్తర్వు, కొలతలు, బిల్లు. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిసినప్పుడే మన ప్రశ్నకు పదును వస్తుంది. అది తెలుసుకునే సాధనం మళ్లీ సమాచార హక్కు చట్టమే. దరఖాస్తు తెలుగులో రాయవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. పురపాలక కార్యాలయానికి రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. పౌర సమాచార అధికారి 30 రోజులలో సమాధానం ఇవ్వాలి.

'డ్రైనేజీ గురించి మొత్తం సమాచారం ఇవ్వండి' అని అడగకుండా, ఫలానా తేదీన జరిగిన సమావేశపు మినిట్స్ ధ్రువీకృత ప్రతి, ఫలానా తీర్మానంపై ఇచ్చిన పని ఉత్తర్వు ప్రతి, ఆ పనికి సంబంధించిన కొలతల పుస్తకం, అంటే ఎం-బుక్, పేజీల ప్రతులు అని విడివిడిగా అడగండి. ఎం-బుక్ చేతికి వస్తే ఒక టేపు తీసుకుని వెళ్లి మీ వీధి కాలువ పొడవు, వెడల్పు, లోతు మీరే కొలిచి సరిచూసుకోవచ్చు. ఆ చట్టంలోని సెక్షన్ 2(జె) రికార్డులనూ పనులనూ తనిఖీ చేసే హక్కునూ, పనిలో వాడిన సామగ్రి నుంచి ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కునూ పౌరుడికి ఇచ్చింది. ఈ చివరి హక్కును వాడుకునేవారు మరీ తక్కువ. కాంక్రీటు నాణ్యతపై అనుమానం ఉన్నప్పుడు ఇంతకు మించిన ఆయుధం లేదు.

సమాధానం రాకపోయినా, వచ్చినది అసంపూర్ణమైనా 30 రోజులలో అదే కార్యాలయపు అప్పీలు అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజులలో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు.

బడ్జెట్, పన్నులు, మాస్టర్ ప్లాన్

ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కనుక బడ్జెట్ సమావేశం దానికి ముందే జరుగుతుంది. మార్చిలో అర్జీ ఇస్తే అప్పటికే పద్దులు ముగిసి ఉంటాయి. పెద్ద ఖర్చుతో కూడిన కోరికలను చలికాలంలోనే లిఖితపూర్వకంగా అందజేయండి. ఆస్తి పన్ను సవరణ, మాస్టర్ ప్లాన్ ముసాయిదా వంటివి వచ్చినప్పుడు ప్రజల అభ్యంతరాలు, సూచనలు కోరుతూ ప్రకటన ఇస్తారు. గడువు అందులోనే ఉంటుంది. పౌరుడు ఎవరి మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా మాట్లాడగలిగిన అరుదైన సందర్భం అది. మాస్టర్ ప్లాన్ పటంలో మీ ఇంటిమీదుగా రోడ్డు గీత పోతున్నదో, పార్కు స్థలం రంగు మారిందో స్వయంగా వెళ్లి చూడండి. గడువు దాటాక చెప్పే అభ్యంతరానికి విలువ ఉండదు.

వార్డు కమిటీలు

మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతున్నది. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ఇంకా ముందుకు వెళ్లి ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 15 మంది సభ్యులు ఉండాలని నిర్దేశించింది. మీ వార్డులో వాటి సభ్యులెవరో కనుక్కోండి. కాగితంపై ఉండి సమావేశం కాని కమిటీ అయితే, చివరిసారి ఎప్పుడు సమావేశమైందో చెప్పమని ఒక సమాచార హక్కు దరఖాస్తు పెడితే కదలిక వస్తుంది.

ఒక్కోసారి పాలకవర్గం గడువు ముగిసి, ఎన్నికలు జరగక, ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి పాలన నడుస్తూ ఉంటుంది. అప్పుడు అడగడానికి కౌన్సిలర్ ఉండడు కానీ, కౌన్సిల్ తరఫున ఆ అధికారి చేసే తీర్మానాలు కూడా రికార్డులోకి ఎక్కుతాయి. అర్జీ నేరుగా ఆయన పేరున, ఒక ప్రతి కమిషనర్ పేరున ఇవ్వండి. సోమవారాలలో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో లేదా ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని నమోదు చేయించండి. తీర్మానాల ప్రతులను పైన చెప్పిన పద్ధతిలోనే ప్రతి నెలా తెప్పించుకుని వార్డువారీగా దస్త్రం కట్టి ఉంచితే, కొత్త పాలకవర్గం వచ్చిన మొదటి సమావేశానికే మీ వార్డు సభ్యుడి చేతిలో ఏ పనులు మంజూరయ్యాయో, ఏవి ఆగిపోయాయో చూపే జాబితా పెట్టగలుగుతారు.