జర్మనీ బిజినెస్ వీసాకి బెంగళూరు నుంచి అప్లై చేస్తున్నారా? ఫైల్లో ఏమేం ఉండాలంటే

పీణ్యలో మాది మెషిన్ పార్టులు చేసే చిన్న కంపెనీ. మావాళ్లు కస్టమర్ల దగ్గరికో హానోవర్ ఎగ్జిబిషన్‌కో వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా వీసా ఫైలు కట్టేది నేనే. కాగితం ఏదైనా తక్కువైతే వీసా అప్లికేషన్లు తీసుకునే సెంటర్‌లో కౌంటర్ దగ్గరే చెప్పేస్తారు, దాంతో పెద్ద భయం లేదు. అన్నీ ఉండి ఒకదానికొకటి పొంతన లేకపోతేనే అసలు చిక్కు.

ముందుగా కావాల్సింది అక్కడి కంపెనీ ఇచ్చే ఇన్విటేషన్ లెటర్. వాళ్ల లెటర్‌హెడ్ మీద, మీ పేరు, పాస్‌పోర్ట్ నంబర్, ఏ పని మీద పిలుస్తున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఖర్చు ఎవరిది అన్నీ రాసి సంతకం చేసి పంపాలి. 'మీటింగ్ కోసం' అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్లుంటారు, మొహమాటపడకుండా వివరంగా రాసి ఇమ్మని అడగండి. ఎగ్జిబిషన్‌కైతే ఎంట్రీ పాస్ కూడా జత చేయాలి.

రెండోది మన కంపెనీ ఇచ్చే కవరింగ్ లెటర్. మీ హోదా, ఎప్పుడు చేరారు, జీతం, ఎందుకు పంపిస్తున్నారు, తిరిగొచ్చి డ్యూటీలో చేరతారు అన్నవి ఉండాలి. ఖర్చు సంగతి దగ్గరే చాలామంది దొరికిపోతారు. ఒకసారి నేనే ఇన్విటేషన్‌లో హోటల్ ఖర్చు వాళ్లదని ఉన్నా చూసుకోకుండా మా లెటర్‌లో అంతా మేమే పెట్టుకుంటామని రాసేశాను, అపాయింట్‌మెంట్‌కి ముందు రోజు రాత్రి కనబడింది, ఆ టెన్షన్ అడక్కండి, పొద్దున్నే ఓనర్ ఇంటికెళ్లి కొత్త లెటర్ మీద సంతకం పెట్టించుకొచ్చా.

ఉద్యోగులైతే మూడు నెలల పే స్లిప్పులు, ఐటీ రిటర్న్స్, బ్యాంకు సీలుతో స్టేట్‌మెంట్. సొంత వ్యాపారమైతే జీఎస్టీ సర్టిఫికెట్, పార్ట్‌నర్‌షిప్ డీడ్ లేదా కంపెనీ రిజిస్ట్రేషన్, కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ కూడా. అప్లై చేసే వారం ముందు బావమరిది దగ్గర తెచ్చి మూడు లక్షలు అకౌంట్లో వేస్తే అది అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయొద్దు.

పాస్‌పోర్ట్ పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఫోటో 35x45 మి.మీ. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, షెంజెన్ దేశాలన్నిట్లో (ఈ ఒక్క వీసాతోనే తిరగగలిగే జర్మనీ, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలు) చెల్లేలా, ఉండే రోజులన్నీ కవరయ్యేలా తీసుకోండి. టికెట్ రిజర్వేషన్ చూపిస్తే చాలు, వీసా రాకముందే డబ్బు కట్టేసి కూర్చోకండి.

మన తెలుగువాళ్లకి ఇంకో తలనొప్పి ఇంటిపేరు. ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, ఆఫీసులో అసలు లేకుండా ఉంటుంది. లెటర్లు, ఇన్సూరెన్స్, టికెట్ అన్నిట్లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించండి, స్పెల్లింగ్‌తో సహా.

జర్మనీతో పాటు ఫ్రాన్స్ కూడా తిరుగుతుంటే ఎక్కువ రోజులు ఉండే దేశానికే అప్లై చేయాలి, రోజులు సమానమైతే ముందు దిగే దేశానికి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, రూపాయల్లోనే కడతాం, సెంటర్ సర్వీస్ ఛార్జీ వేరే. వీసా రాకపోయినా తిరిగివ్వరు. వేలిముద్రలు షెంజెన్ వీసాకే గత 59 నెలల్లో ఇచ్చి ఉంటే మామూలుగా మళ్లీ అడగరు.

ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. పైగా అపాయింట్‌మెంట్ స్లాట్ దొరకాలి. వచ్చే వారం ఫ్లైట్ పెట్టుకుని ఇవాళ ఫోన్ చేసే మా సేల్స్ వాళ్లకి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో.