చెస్ టైటిల్‌కి దరఖాస్తు: పాయింట్ల దగ్గర కాదు, పేరు దగ్గరే ఆగిపోతున్నారు

పోయిన వేసవిలో బరంపురం నుంచి ఒక తండ్రి నా దగ్గరికి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో కూతురి కప్పుల ఫొటోలు. ఎవరో ఏజెంటు "పాపకి ఫిడే టైటిల్ ఇప్పిస్తా" అని ఎనిమిది వేలు అడిగాడట, నాలుగు వేలు ఇచ్చేశారు కూడా. ఫిడే అంటే ప్రపంచ చెస్ సంస్థ, టైటిల్ అంటే అది ఆటగాళ్లకి ఇచ్చే బిరుదు. పాప రేటింగ్ (ఆట బలాన్ని లెక్కగట్టే అంకె) చూస్తే 1500 దగ్గర ఉంది. బోర్డు ముందు ఆడే ఆటలో ఆ రేటింగ్‌కి ఇప్పించడానికి టైటిల్ ఏదీ లేదు. ఆ డబ్బు మళ్లీ చేతికి రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆడినంత మాత్రాన టైటిల్ రాదు. గ్రాండ్‌మాస్టర్, ఇంటర్నేషనల్ మాస్టర్ టైటిళ్లకి నార్మ్‌లు (గట్టి టోర్నీల్లో నిర్ణీత స్థాయి ఫలితాలు) కావాలి, వాటి జోలికి ఇక్కడ పోను. ఉద్యోగమో చదువో చేసుకుంటూ ఆడేవాళ్లకి అందుబాటులో ఉండేది క్యాండిడేట్ మాస్టర్. దానికి క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే మామూలు ఆట) రేటింగ్ 2200 తాకాలి. ఫిడే మాస్టర్‌కి 2300. ఆడవాళ్లకి విడిగా ఉన్న టైటిళ్లలో ఉమెన్ క్యాండిడేట్ మాస్టర్‌కి 2000, ఉమెన్ ఫిడే మాస్టర్‌కి 2100. తక్కువ సమయంలో ఆడే ర్యాపిడ్, బ్లిట్జ్ రేటింగులు లెక్కలోకి రావు. రేటెడ్ గేములు, అంటే ఫిడే రేటింగ్‌కి లెక్కకొచ్చేవి, కనీసం 30 ఆడి ఉండాలి. ఇంతే. వచ్చాక అది జన్మాంతం మీదే, తర్వాత రేటింగ్ 1900కి పడిపోయినా పేరు ముందు ఆ అక్షరాలు పోవు. టైటిల్‌ని అడ్డం పెట్టుకుని మోసాలు చేస్తే మాత్రం ఫిడే వెనక్కి తీసుకోవచ్చు.

ఏజెంట్లు అమ్మేది ఎక్కువగా అరీనా టైటిల్. అది దొంగ సరుకేం కాదు, ఫిడే ఆన్‌లైన్ అరీనా అనే ఇంటర్నెట్ వేదికలో ఆడి తెచ్చుకునేదే. అక్కడి విడి రేటింగ్ 1100కి అరీనా క్యాండిడేట్ మాస్టర్, 2000కి అరీనా గ్రాండ్‌మాస్టర్. కానీ బోర్డు ముందు కూర్చుని సంపాదించే క్యాండిడేట్ మాస్టర్ వేరు, ఇది వేరు. రెండిటి పేర్లూ దగ్గరగా ఉండటమే వాళ్ల వ్యాపారం.

నమోదు సంగతి పెద్ద కష్టమేం కాదు. అఖిల భారత చెస్ సమాఖ్య వెబ్‌సైట్‌లో మీరుండే రాష్ట్రం పేరుతో రిజిస్టర్ చేసుకోవాలి, ఫొటో, పుట్టిన సర్టిఫికెట్ పెట్టాలి. ఫిడే ఐడీ సమాఖ్య ద్వారా వస్తుంది. రేటెడ్ టోర్నీలు ఆడటమే ఇక మిగిలేది.

అసలు చిక్కు ఆ పుట్టిన సర్టిఫికెట్‌తోనే. మన సరిహద్దు పక్క కాపురం ఒడిశా పర్లాకిమిడిలో ఉంటే కాన్పు ఆంధ్రా పాతపట్నంలో జరుగుతుంది. కాపురం మహారాష్ట్ర సిరోంచలో, కాన్పు గోదావరి దాటి తెలంగాణలో. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, తల్లిదండ్రులు ఎక్కడ ఉంటున్నారన్నది కాదు. అమ్మమ్మ ఊరు పాతపట్నం దగ్గరైనా కాన్పు శ్రీకాకుళం ఆసుపత్రిలో అయితే సర్టిఫికెట్ శ్రీకాకుళం కార్పొరేషన్‌దే. ఆసుపత్రి వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం పనికిరాదు. దాన్నే లామినేషన్ చేయించి బీరువాలో దాచుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

ఆ ఆంధ్రా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, లేదా ఒట్టి అక్షరం ఉంటుంది: బి. సాయి కిరణ్ రావు. ఒడిశా బడిలో చేర్చేటప్పుడు ఇంటిపేరు చివర రాయమంటారు, అప్పుడు బి పోయి వాడు ఒట్టి సాయి కిరణ్ రావు అవుతాడు, చివరున్న రావే ఇంటిపేరైపోతుంది. మహారాష్ట్ర పక్క మధ్యలో తండ్రి పేరు కూడా దూరుతుంది. మూడు కాగితాల్లో ముగ్గురు పిల్లలు! ఫిడే జాబితాలో ఇంటిపేరు ముందు, కామా, తర్వాత అసలు పేరు వస్తాయి కాబట్టి ఏది ఇంటిపేరో మనమే తేల్చి చెప్పాలి.

తేల్చకపోతే ఏమవుతుందంటే, ఒక టోర్నీకి ఒక పేరుతో, ఇంకో టోర్నీకి ఇంకో పేరుతో నమోదై ఒకే పిల్లాడికి రెండు ఫిడే ఐడీలు పడతాయి. ఒకదాని కింద పద్దెనిమిది గేములు, రెండోదాని కింద పదహారు. కలిపితే 34, విడివిడిగా ఏదీ 30కి చేరదు. రెండు ఐడీలూ ఒకరివేనని సమాఖ్య ద్వారా కలిపించుకోవాలి, దానికి మళ్లీ అడిగేది ఆ పుట్టిన సర్టిఫికెట్‌నే.

కాబట్టి పుట్టిన సర్టిఫికెట్‌ని మూలంగా పెట్టుకుని ఆధార్, బడి రికార్డు దానికి సరిపోయేలా మార్చుకోండి. సర్టిఫికెట్‌లోనే తప్పుంటే నమోదు చేసిన ఆఫీసులోనే సరిచేయించాలి. ఆంధ్రా పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శి, ఒడిశా పల్లెలో అయితే ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ ఆఫీసర్, మహారాష్ట్రలో గ్రామపంచాయతీ అధికారి (ఇదివరకు గ్రామసేవక్ అనేవారు). పిల్లాడి పేరే లేకుండా ఉంటే భయపడకండి, ఏడాది లోపు ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా చిన్న రుసుముతో పేరు ఎక్కించుకోవచ్చు. పిల్లాడికి పద్నాలుగు దాటితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

రేటింగ్ చేరాక దరఖాస్తు. ఫిడేకి మనం నేరుగా పెట్టుకోలేం, సమాఖ్యే పంపాలి, ఫీజూ ఆ దారిలోనే పోతుంది. మధ్యలో ఎవరి ఫోన్‌పేకీ పంపకండి.

ఇంకొక్క మాట, ఇది చాలామందికి తెలియదు. 2200 అనేది ఫిడే నెలనెలా ఒకటో తారీఖున వేసే రేటింగ్ జాబితాలోనే కనపడాలని లేదు. తొమ్మిది రౌండ్ల టోర్నీలో ఆరో రౌండు అయ్యేసరికి లెక్క ప్రకారం 2200 తాకి, మిగతా మూడూ ఓడి కిందికి పడిపోయినా సరే, హక్కు ఉంటుంది. ఫిడే దగ్గర నిరూపించే బాధ్యత మాత్రం సమాఖ్యది, దానికి ఆధారం మన చేతిలో ఉండాలి. కాబట్టి ఓడిన బాధలో అదే రాత్రి బస్సెక్కేయకండి. ఆరో రౌండు దాకా ఫలితాల పట్టీ మీద ఛీఫ్ ఆర్బిటర్ (టోర్నీ ప్రధాన నిర్ణేత) సంతకం చేయించుకున్నాకే బయలుదేరండి.