ఎయిర్ రైఫిల్‌కు సరైన పెల్లెట్లు ఎలా ఎంచుకోవాలి?

రైఫిల్ కొనేటప్పుడు నెల రోజులు ఆలోచిస్తారు. పెల్లెట్ల దగ్గరికొచ్చేసరికి, అంటే దాంట్లో పెట్టి కాల్చే సీసపు గుళ్ళ దగ్గరికి, "ఏదో ఒక డబ్బా ఇయ్యన్నా" అంటారు. తర్వాత గురి కుదరడం లేదని రైఫిల్ మీద గురి చూసే సైటు తిప్పుతూ కూర్చుంటారు. కడప జిల్లాలో కొత్తగా నేర్చుకునే పిల్లల్లో చాలామందిది ఇదే వరస.

ముందే చెప్తున్నా, ఇదంతా 10 మీటర్ల దూరంలో అట్ట మీద కొట్టడానికి. కొండల్లో కౌజుల మీదో కుందేళ్ళ మీదో ప్రయోగం చేద్దామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

కావలసినవి: మూడు నాలుగు రకాల పెల్లెట్ డబ్బాలు, టార్గెట్ కార్డులు, ఇసుక సంచి, పెల్లెట్ ఆగే ఇనప పెట్టె, కంటికి రక్షణ అద్దాలు. దూరం టేపుతో కొలవండి, అడుగులేసి కాదు.

ఆకారం విషయంలో చర్చ అనవసరం. 4.5 మి.మీ.లో ముక్కు చదునుగా ఉన్నదే కొనాలి. అది కార్డును గుండ్రంగా కోస్తుంది. మొన తేలినవి చింపుతాయి, ఆపైన పాయింట్ల దగ్గర పంచాయితీ. రైఫిల్‌కు సుమారు 0.53 గ్రాములవి, పిస్టల్‌కు 0.45 గ్రాములవి. అంతే.

అసలు పని పరీక్షించడం. అందరూ చెడగొట్టేది కూడా ఇక్కడే. పక్కింటివాడి రైఫిల్‌కు కుదిరిన పెల్లెట్ మీ బారెల్‌కు కుదరాలని లేదు. పెల్లెట్ తల కొలత 4.49, 4.50 మి.మీ. అని డబ్బా మీద ఉంటుంది. ఆ చిన్న తేడాకే ఒక బారెల్ బాగా కొడుతుంది, ఇంకోటి చెదరగొడుతుంది. కాల్చి చూడటం తప్ప వేరే దారి లేదు.

పొద్దున ఎనిమిదిలోపు మొదలుపెట్టండి. మిద్దె మీద వద్దు, గాలి ఆడని వసారాలో. డబ్బా మార్చిన ప్రతిసారీ మొదటి పది పెల్లెట్లు లెక్కలోకి రావు, బారెల్ కొత్త సీసానికి అలవాటు పడాలి. తర్వాత ఒక్కో కార్డు మీద ఐదేసి చొప్పున, రకానికి కనీసం నాలుగు కార్డులు. ఒక్క కార్డు బాగా వచ్చిందని ఎగరొద్దు, అది అదృష్టం కావచ్చు. మధ్యలో సైటు ముట్టుకోవద్దు. చుక్కకు ఎంత దూరంలో తగిలాయన్నది ఇప్పుడు అక్కర్లేదు, ఐదూ ఎంత దగ్గరగా పడ్డాయన్నదే చూడాలి. మంచి పోటీ రైఫిల్ అయితే ఐదూ కలిసి దాదాపు ఒకే రంధ్రం కావాలి.

స్ప్రింగ్ రైఫిల్‌తో ఇంకో చిక్కుంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ దూకుతుంది, పెల్లెట్ బారెల్ దాటేలోపే రైఫిల్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. దాన్ని గట్టిగా బిగించినా, నేరుగా బల్ల మీద ఆనించినా చెదురుతుంది. ఇసుక సంచి మీద మీ ఎడమ అరచేయి, అరచేతిలో రైఫిల్, వదులుగా. ప్రతిసారీ అదే చోట. పట్టు మారితే మీరు పరీక్షించింది పెల్లెట్‌ను కాదు, మీ చేతిని. పరీక్షంతా ఒక్కరే కాల్చాలి. తమ్ముడికి రెండు, బావకు రెండు పంచొద్దు.

ప్రొద్దుటూరులో బంగారం తూకం తెచ్చి ఒక్కో పెల్లెట్ తూచేవాళ్ళున్నారు. ఓపిక ఉంటే తూచుకోండి. నేనైతే అద్దం పలక మీద దొర్లిస్తాను. అంచు సొట్ట పడ్డది వంకరగా పోతుంది, తీసి పారేస్తాను. తూకం సరిపోయినా సొట్టది సొట్టదే. డబ్బా జేబులో వేసుకుని బైకు మీద తిరిగితే మంచివి కూడా సొట్ట పడతాయి. కాల్చినవి ఏరి మళ్ళీ పెట్టేవాళ్ళకు నా దగ్గర మాటల్లేవు.

కుదిరింది దొరికాక డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసుకుని, అదే నంబరువి ఏడాదికి సరిపడా కొనండి. పేరు ఒకటే అయినా బ్యాచ్ మారితే మళ్ళీ పరీక్షే. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఇవాళే మానండి, అది సీసం. సబ్బుతో చేతులు కడగకుండా అన్నం ముట్టొద్దు.