అక్షరాలకంటే ముందు ఫ్లెక్సీ ఏం చెబుతోంది?

ఏ ప్రకటననైనా మనం చదవడానికి ముందే చూస్తాం. ఆ తొలి చూపులోనే అది శుభవార్తో హెచ్చరికో మనసు తేల్చేసుకుంటుంది. రంగు, పరిమాణం, గీత, ఖాళీ, అక్షరాల తీరు కలిసి చేసే ఈ పనిని పట్టుకోవాలంటే, ముందుగా పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడి, కళ్లు సగం మూసి చూడండి. అక్షరాలు మసకబారాక కూడా కంటికి ఆనేది ఏదో, చూసేవారికి మొదట చేరే మాట అదే.

వరదల కాలానికి ముందు, గోదావరి మధ్యనున్న మా లంక గ్రామం కోసం నేనొక హెచ్చరిక ఫ్లెక్సీ తయారుచేశాను. ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద పసుపు అక్షరాలు, చుట్టూ ముగ్గులాంటి అంచు. రేవులో కట్టిన మర్నాడే ఒక పెద్దావిడ "తీర్థం ఎప్పుడు బాబూ?" అని అడిగారు. తీర్థమంటే మా వైపు జాతర. ఆవిడ పొరబడలేదు, ఫ్లెక్సీయే పొరపాటు చెప్పింది. ఎరుపు పసుపు పక్కన చేరితే మన కంటికి పసుపు కుంకుమలే కనిపిస్తాయి. అదే ఎరుపు తెలుపు చుట్టూ త్రికోణపు అంచుగా నిలిస్తే రహదారి మీది హెచ్చరిక గుర్తవుతుంది. కాబట్టి రంగు అర్థాన్ని విడిగా వెతక్కుండా, దాని పక్కన ఏముందో, అది ఏ ఆకారంలో ఉందో చూడాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు కూడా ఉంటారు గనుక ముఖ్యమైన మాటను రంగు ఒక్కదానికే అప్పగించకూడదు.

తర్వాత పరిమాణం, దూరం. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ చేస్తారు. వీటిని నేను ఒకే వరుసలో, ఒకే సైజులో రాశాను. అంటే మూడూ సమానమే అని కంటికి చెప్పాను. రెండోసారి నిలువు కొలబద్ద గీసి, ఆ ఎత్తుల్లోనే మూడు గీతలు పెట్టి, పై గీతను బాగా లావు చేశాను. మొదటి రెండింటి మధ్య రెండడుగులు, ఆపైన నాలుగు. ఈ తేడాను ఏ వాక్యమూ లేకుండా గీతల మధ్య ఖాళీయే చెప్పింది. పైన నాయకుల ఫొటోలు మాత్రం వద్దన్నాను, ఎందుకంటే మనిషి ముఖం ఉన్నచోట చూపు ముందుగా అక్కడికే పోతుంది.

అక్షరాల విషయంలో తెలుగుకు ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. పైన గుడులు, కింద ఒత్తులు ఉండటం వల్ల, ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలితే దూరం నుంచి రెండూ చదవలేం. ఫాంటుకూ స్వభావం ఉంటుంది. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత ఆధారంగా వచ్చిన ఫాంటు పెళ్లి శుభలేఖకు ఎంతో అందం, వరద హెచ్చరికకు మాత్రం నిటారుగా, లావుగా ఉండే అక్షరాలే తగినవి.

చివరగా, ఒక్కో అంశాన్నీ చేత్తో కప్పి ఏం తగ్గిందో చూడండి. ఏమీ తగ్గకపోతే దాన్ని తీసేయండి. ఆపైన తయారీలో పాలుపంచుకోనివారికి ఐదు సెకన్లు చూపించి, ఏం అర్థమైందో అడగండి. మా రెండో ఫ్లెక్సీని ఇలా చూపించినప్పుడు, చదువు రాని ఒక పడవ సరంగు పై గీత మీద వేలు పెట్టి, "ఇక్కడికొచ్చేలోపే పశువుల్ని గట్టు మీదికి తోలెయ్యాలండి" అన్నాడు.